నారే టీచరు చేతిరాత

పోయిన వారం మనం గిల్‌మాన్‌ని బుల్‌గ్వాంగ్ వాగు వంతెన కింద, ఒళ్ళో నోటుపుస్తకం తెరుచుకుని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే వదిలేసి వచ్చాం. ఈ వారమే చేతికి అందుకున్న వాళ్ళ కోసం జరిగింది కాస్త చెప్పుకుందాం. గిల్‌మాన్ సియోల్లో వార్డు ఆఫీసు ఎదురుగా ముప్ఫై ఒక్క ఏళ్ళు పేరు ముద్రలు చెక్కే కొట్టు నడిపిన మనిషి. జనం ముద్రలు మానేసి సంతకాల్లోకి దిగాక కొట్టు మూతపడింది. వెనక్కి వచ్చిన కొట్టు అడ్వాన్సు వేసవి దాటకుండానే హారతి కర్పూరమైంది. అందులో పెద్ద వాటా తిన్నది ఎవరయ్యా అంటే, మూడున్నర కిలోల తెల్లకుక్క దుబు. వాడికి మోకాలి ఆపరేషను, వాడికి సోడానీళ్ళ స్నానం, వాడికి చలికోట్లు, అన్నిటికీ మించి వాడికి బడి. అవును, కుక్కల బడే. పొద్దున తొమ్మిదికి దింపి రావాలి, సాయంత్రం నాలుగున్నరకి తెచ్చుకోవాలి, నెల తిరిగేసరికి ఆరు లక్షల వోన్లు కట్టాలి.

ఆ ఫీజు కట్టలేక మూడు నెలల కిందట దుబుని బడి మాన్పించాడు గిల్‌మాన్. మాన్పించిన సంగతి భార్య యున్‌సిల్‌కి చెప్పలేకపోయాడు. రోజూ పొద్దున దుబు మెడకి బడిసంచీ తగిలించి బయల్దేరతాడు, సాయంత్రం దాకా వాగు ఒడ్డున కూర్చుని వెనక్కి వస్తాడు. మిగతా బళ్ళు కబుర్లన్నీ ఫోనుకి పంపేస్తుంటే, ఈ బడి గొప్పంతా చేతిరాతలో ఉంది. పిల్లవాడు ఏం తిన్నాడు, ఎవరితో ఆడాడు, నారే టీచరు తన గుండ్రటి అక్షరాల్లో రోజూ పుస్తకంలో రాసి పంపేది. పేజీ పై సగం టీచరుది. కింది సగం పేరు ‘ఇంటి మాట’, అది ‘తల్లి’ యున్‌సిల్ రాయాలి. బడి మానేనాటికి పుస్తకం సగం ఖాళీగా ఉంది. ఆ ఖాళీని గిల్‌మానే టీచరు చేతిరాత దించి నింపుకొస్తున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క దొంగముద్ర చెక్కని మనిషి, ఇప్పుడు కుక్క కోసం దొంగరాత రాస్తున్నాడు.

ఆ కింది సగంలోనే సోమవారం నాడు యున్‌సిల్ ఒక మాట రాసింది. సర్కారు వాళ్ళ ఆరోగ్య పరీక్షలో తన కడుపులో గడ్డ కనబడిందట. మత్తు ఇచ్చి, గొట్టం దింపి, ముక్క తీసి చూడాలన్నారట. రెండు నెలల నుంచి వాయిదా వేస్తూ వస్తోందట. ‘దుబు నాన్నకి చెప్పకండి టీచర్’ అని చివర్లో రాసి, కింద గీత కూడా గీసింది.

ఆ సోమవారమే గిల్‌మాన్ జవాబు రాశాడు. ‘దుబు వాళ్ళమ్మగారూ, ఇంక ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. పరీక్ష చేయించుకోండి.’ పక్కన అలవాటుగా ఎముక బొమ్మ స్టిక్కరు అంటించాడు. అంటించాక, ఇలాంటి మాట పక్కన ఆ స్టిక్కరు ఏమిటని తనమీద తనకే అసహ్యం వేసింది. ఊడబెరికితే కాగితం చిరుగుతుందని వదిలేశాడు.

మంగళవారం పొద్దున ఆవిడ తిరిగి రాసింది. ‘మీరు చెప్పింది నిజమే టీచర్. కానీ పోయిన చలికాలం దుబు మోకాలి ఆపరేషను బిల్లు చూసి వాళ్ళ నాన్న ఒక మాట అన్నారు. ఈ ఇంటికి ఇంకొక్క ఆసుపత్రి బిల్లు వచ్చిందంటే ఈ కుక్కని మీ తమ్ముడి పొలానికి తోలేస్తానన్నారు. మా తమ్ముడు కుక్కల్ని గొలుసు వేసి చలిలో బయటే కట్టేస్తాడు. ఆయన అన్న మాట ఊరికే పోనిచ్చే మనిషి కాదు. వాడిని పోగొట్టుకోవడం నా వల్ల కాదు.’

ఆ మాట అన్నట్టు గిల్‌మాన్‌కి గుర్తే లేదు. కోపంలో ఏదో అని, అన్నం తిని, పడుకుని ఉంటాడు. యున్‌సిల్ మాత్రం దాన్ని పది నెలలు కడుపులో పెట్టుకుంది. ఇప్పుడు అక్కడే గడ్డ కూడా పెట్టుకుని కూర్చుంది.

ఇవాళ అటో ఇటో తేల్చెయ్యాలని గట్టిగా అనుకునే మంగళవారం సాయంత్రం మూడంతస్తుల మెట్లు ఎక్కాడు గిల్‌మాన్. దుబు చంకలో ఉన్నాడు. తలుపు తీసేసరికి గడపకి అడ్డంగా మనిషంత అట్టపెట్టె. దాన్ని దాటి లోపలికి వెళ్ళడానికే నడుం కలుక్కుమంది.

“ఏంటిది?”

“బండి,” అంది యున్‌సిల్ వంటింట్లోంచి. “దుబు కూర్చునే తోపుడుబండి. పైన గొడుగు కూడా ఉంది. సగానికి సగం తగ్గించి ఇచ్చారు.”

“సగానికి తగ్గిస్తే ఎంతైంది?”

“ముందు వాడిని ఇటివ్వండి. చలికి ఎలా ముడుచుకున్నాడో!”

చెయ్యి తుడుచుకుంటూ వచ్చి దుబుని లాక్కుంది. బడిపిల్లల భోజనశాలలో రోజూ మూడువందల మందికి వండే చేతులు అవి, మరిగే నీళ్ళకి ఎర్రబారి ఉంటాయి. ముక్కు దుబు మెడలో పెట్టి వాసన చూసింది. “ఈమధ్య బళ్ళో స్నానం సరిగ్గా చేయించడం లేదేమిటి? వీడు చూడండి, వాగు కంపు కొడుతున్నాడు.”

గిల్‌మాన్ బూట్ల లేసులు విప్పే పని చాలాసేపు పెట్టుకున్నాడు.

దుబు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. సోడానీళ్ళ స్నానాలూ, పుట్టినరోజు కేకులూ ఉన్న రోజుల్లో వాడు తిండి దగ్గర మొహం తిప్పుకునేవాడు. ఈ మూడు నెలలూ వంతెన కింద కాల్చిన చిలగడదుంప ముక్కలూ, చదరంగం ఆడే ముసలాళ్ళు విదిల్చే ఎండుచేప తలలూ తిని, బురదలో గోతులు తవ్వి, గిన్నె నాకి పెట్టేంత ఆరోగ్యంగా తయారయ్యాడు. ‘ఆరు లక్షలకి తగ్గ బడే’ అని యున్‌సిల్ మురిసిపోతోంది. ఖర్చు తగ్గించడం ఇంత తేలికని గిల్‌మాన్‌కి తెలిసింది, కానీ చెప్పుకోవడానికి మనిషి లేడు.

భోజనానికి కూర్చున్నారు. సోయా పులుసు, కిమ్చీ ఊరగాయ, పెరిల్లా ఆకుల పచ్చడి. ఈ ఏడు ఇద్దరు మనుషుల ఇంటికి నలభై క్యాబేజీల కిమ్చీ పెట్టింది యున్‌సిల్. ఎందుకంత అని అడిగితే, క్యాబేజీ చవగ్గా దొరికిందంది.

“నారే టీచరుకి ఈ పచ్చడి ఎంత నచ్చిందో తెలుసా?” అంది, అన్నం మీద ఆకు పరుస్తూ. “పోయిన వారం డబ్బాలో పంపాను కదా. ‘మా అమ్మ పోయాక ఇంత కమ్మటి పచ్చడి మళ్ళీ మీ చేతిదే తిన్నాను’ అని రాసింది. ముప్ఫై ఏళ్ళ నుంచి వండి పెడుతున్నాను. మీ నోటంట ఒక్కసారి వచ్చిందా ఆ మాట?”

గిల్‌మాన్ కూడా ఒక ఆకు తీసి అన్నం మీద పరుచుకున్నాడు. ఆ డబ్బా వంతెన కింద చల్లారిన అన్నంతో అతనే ఖాళీ చేశాడు. ఆ వాక్యం రాసిందీ అతనే, రాసింది నిజమే. వాళ్ళమ్మ పోయాక అంత కమ్మటి పచ్చడి అతను ఈ ఇంట్లోనే తిన్నాడు. ఎదురుగా ఉన్న మనిషితో అనడానికి ముప్ఫై ఏళ్ళలో నోరు రాలేదు, ఇంకొకరి పేరు పెట్టుకుంటే చెయ్యి వచ్చింది.

“బాగుంది,” అన్నాడు ఎలాగో. “పచ్చడి బాగుంది.”

“ఇప్పుడు అడిగించుకుని చెప్పారు. ఏం లాభం?”

“యున్‌సిల్, ఆ బండి వెనక్కి పంపేద్దాం.”

ఆవిడ చెంచా కింద పెట్టింది. “ఎందుకు?”

“ఎందుకంటే ఏం చెప్పను? వాడికి నాలుగు కాళ్ళున్నాయి.”

“అందులో ఒకటి కోసి కుట్టింది.”

“కుట్టి ఏడాది కావస్తోంది. ఇవాళ ఆ వంతెన నుంచి ఈ వంతెన దాకా ఒక్క పరుగు తీశాడు, నేనే పట్టుకోలేకపోయాను. వాడికి బండా?”

“ఏ వంతెన?”

గిల్‌మాన్ పులుసు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. “అదే, బళ్ళో... పిల్లలు ఎక్కి దిగే చెక్క వంతెన ఉంది కదా. అది.”

“మీరు పట్టుకోవడమేంటి బళ్ళో?”

“దింపడానికి వెళ్ళినప్పుడు.”

“పుస్తకంలో రాయలేదే టీచరు.”

“అన్నీ రాస్తారా? కొన్ని నోటితో చెబుతారు.”

యున్‌సిల్ మొహం ఒక్కసారిగా పాలిపోయింది. “టీచరు మీతో మాట్లాడుతుందా? ఇంకా ఏమైనా చెప్పిందా? నా గురించి ఏమైనా...?”

“నీ గురించి ఏం చెబుతుంది?”

“ఏమీ లేదు. ఊరికే అడిగాను.” ఊపిరి పీల్చుకుని మళ్ళీ చెంచా అందుకుంది. ఆ ఊపిరి పీల్చుకోవడం చూశాక గిల్‌మాన్‌కి అక్కడ కూర్చోవడం కష్టమైంది. అయినా ఇదే అదను అనుకుని ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

“వాడికి కోట్లు మూడు. నీకు ఒకటి, అదీ మోచెయ్యి దగ్గర అరిగింది. నీ బూట్లు చూసుకున్నావా ఎప్పుడైనా?”

“రోజంతా వంటగదిలో రబ్బరు బూట్లే కదా వేసుకునేది. నా బూట్లు ఎవరు చూస్తారు?”

“నీకు కావలసింది నువ్వెప్పుడు కొనుక్కుంటావు?”

“వాడికి నోరు లేదండీ. అడగలేడు. నాకు నోరుంది, కావాలంటే నేనే అడుగుతాను.”

“అడుగుతావా?” అన్నాడు గిల్‌మాన్. “నిజంగా అడుగుతావా? రేపు నీకు ఒంట్లో బాగాలేదనుకో, డాక్టరు దగ్గరికి వెళ్ళాలనుకో. నన్ను అడుగుతావా?”

యున్‌సిల్ అతని కళ్ళలోకి చూసింది. చూసి నవ్వింది. “నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను. ఆరోగ్య పరీక్షలో కూడా అన్నీ బాగున్నాయన్నారు, చెప్పాను కదా.”

అబద్ధం ఆడుతోందని అతనికి తెలుసు. తెలుసని చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి. కిమ్చీ గిన్నె ఆవిడ వైపు జరిపాడు. కాళ్ళ దగ్గర దుబు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఎవరూ ఏమీ విదల్చకపోయేసరికి, వెళ్ళి అట్టపెట్టె మీద కాలెత్తాడు.

మామూలు రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. యున్‌సిల్ లేచి గుడ్డ తెచ్చి తుడిచింది. తుడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది. “నాకు తెలుసు మీ మనసులో ఏముందో. బండి అని మొదలుపెడతారు, కోటు అంటారు, చివరికి బడి మాన్పిద్దామంటారు.”

“యున్‌సిల్, ఆ బడి సంగతే నీకొకటి చెప్పాలి. ఆ టీచరు...”

“ఆ టీచర్ని ఒక్క మాటనకండి!”

గుడ్డ చేతిలో పట్టుకుని లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇది అతను కలలో కూడా ఊహించలేదు.

“పొద్దున ఆరింటికి వెళ్తాను. మూడొందల పళ్ళేలు కడుగుతాను. ‘ఇవాళ ఎలా ఉంది నీకు’ అని ఒక్క మనిషీ అడగడు. ఇంటికొస్తే మీరు టీవీ ముందు కూర్చుంటారు, తిండి పెడితే తింటారు. కొట్టు పోయిన బాధలో ఉన్నారని నేనూ ఏమీ అడగను. ఆ పిల్ల, నాకు కూతురుంటే అంత ఉంటుందేమో, రోజూ అడుగుతుంది. ‘చేతులు కాలుతున్నాయన్నారు, మందు రాసుకున్నారా’ అని రాస్తుంది. పళ్ళేలు కడిగేటప్పుడు సాయంత్రం పుస్తకంలో ఏం ఉంటుందా అని అనుకుంటూ కడుగుతాను. నవ్వుతారేమో నవ్వండి. తిండి తగ్గించమనండి, తగ్గిస్తాను. బండి పంపెయ్యమంటే పంపేస్తాను. ఆ పుస్తకం ఒక్కటి నాకు ఉంచండి.”

ఇక్కడ మీరు నన్ను నిలదీయొచ్చు. నోరు విప్పి ‘ఆ పిల్ల నేనే’ అనేస్తే పోయేది కదా, ఈ మగవాడికి ఏం పోయేకాలం వచ్చింది అని. నిజమే. కానీ ఎదుట నిలబడి చూడండి. తనకంటూ ఈ లోకంలో ఒక్క మనిషి ఉందని నమ్ముకున్న ఆడదానితో, ఆ మనిషి లేదు, ఆ కబుర్లన్నీ నీ వెనక నేను ఆడిన నాటకం అని చెప్పాలి. విన్నాక రేపు ఆసుపత్రికి వెళ్ళమంటే ఎవరి మాట మీద వెళుతుంది? గిల్‌మాన్ ఆవిడ చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. “బండి ఉండనీలే,” అన్నాడు.



బుధవారం పొద్దున అతను లేచేసరికి యున్‌సిల్ వెళ్ళిపోయింది. అన్నం గిన్నె మీద మూత పెట్టి ఉంది. అట్టపెట్టె విప్పి, బండి బిగించి, గోడ వారగా నిలబెట్టి ఉంది. దుబు బడిసంచీ తలుపు గొళ్ళేనికి వేలాడుతోంది. సంచీ లోపల పుస్తకం బరువు తెలుస్తోంది గానీ, అక్కడే తీసి చూసే ధైర్యం అతనికి లేకపోయింది. నడుం పట్టేసి ఉండడంతో దుబుని ఎత్తుకోలేక, సిగ్గు చంపుకుని ఆ బండిలోనే కూర్చోబెట్టి, ఒక్కో మెట్టూ దింపుకుంటూ వాగు దాకా తోసుకెళ్ళాడు. దుబు రాజుగారిలా నాలుగు పక్కలా చూస్తూ కూర్చున్నాడు.

వంతెన కింద అప్పటికే చదరంగం మొదలైంది. ముసలాళ్ళలో ఒకడు బండిని చూసి, “ఏమోయ్ ముద్రల అయ్యా, మనవడు పుట్టాడా?” అన్నాడు. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. గిల్‌మాన్ వినిపించుకోకుండా చివరి స్తంభం దగ్గరికి వెళ్ళి, ఎండ పడుతున్న చోట కూర్చుని, పుస్తకం తీశాడు.

కింది సగం సరిపోక, అంచుల్లోకి కూడా రాసింది.

‘టీచర్, నిన్న మీ గురించి ఇంట్లో గొడవ పడ్డాను. మీకు తెలిస్తే నవ్వుతారు. బండి కొన్నానని వాళ్ళ నాన్నకి కోపం వచ్చింది. ఆ బండి దుబు కోసం కాదు. ఆయనకి నడుం నొప్పి, వాడిని ఎత్తుకుని మీ దాకా రాలేరు. నేను ఇంట్లో లేని రోజు వస్తే ఆయనకి పనికొస్తుందని కొన్నాను. కిమ్చీ కూడా ఎక్కువే పెట్టాను. ఆయన ఒక్కరికైతే వచ్చే చలికాలం దాకా సరిపోతుంది.

వద్దనుకుంటూనే, మీరు చెప్పారని నిన్న ఆసుపత్రికి ఫోను చేశాను. గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి రమ్మన్నారు. మళ్ళీ వాయిదా వేస్తే ఇంక చలికాలం తర్వాతేనట. మత్తు ఇస్తారు కాబట్టి పక్కన ఒక మనిషి ఉండాలి, సంతకం పెట్టాలి, లేకపోతే లోపలికి తీసుకోరు. ఎవర్ని అడగాలో రాత్రంతా ఆలోచించాను. వంటగదిలో ఎవరికి చెప్పినా ఆయన చెవిన పడుతుంది. తమ్ముడికి చెప్పలేను.

మీరు రాగలరా టీచర్? ఒక్క పూట. మిమ్మల్ని చూడనైనా లేదు, అయినా అడుగుతున్నాను. మీరు వస్తానంటే వెళ్తాను. రాలేనంటే తప్పుగా అనుకోను, వెళ్ళను, అంతే. ఆ ముక్క ఏమని చెబుతుందోనని నాకు చాలా భయంగా ఉంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు.’

గురువారం అంటే రేపే.

గిల్‌మాన్ ఆ పేజీని ఎన్నిసార్లు చదివాడో అతనికే తెలియదు. బండి చక్రం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. రాలేనని రాస్తే ఆవిడ వెళ్ళదు. వస్తానని రాస్తే ఎవరు వెళ్ళాలి? అసలు నారే టీచరుకి ఈ మూడు నెలలుగా దుబు సంగతే తెలియదు. వెళ్ళి ఆ అమ్మాయి కాళ్ళు పట్టుకున్నా, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి కోసం బడి మానుకుని ఎందుకు వస్తుంది? దుబు బండిలోంచి దూకి వచ్చి, అతని మోకాలి మీద గడ్డం ఆనించి, చిలగడదుంప ఇంకా ఎందుకు తీయలేదన్నట్టు చూశాడు. “ఉండరా,” అన్నాడు. ఏడ్చాడు. చదరంగం ముసలాళ్ళు చూసి కూడా చూడనట్టు పావులు జరుపుకున్నారు.

కాసేపటికి మొహం తుడుచుకుని, పేజీ తిప్పి, పెన్ను తీశాడు. ఆలోచించలేదు. వచ్చింది వచ్చినట్టు రాశాడు.

‘వస్తాను. తప్పకుండా వస్తాను. ఎనిమిదింటికే గేటు దగ్గర ఉంటాను. సంతకం నేను పెడతాను. నువ్వు వెళ్ళు. భయపడకు.’

స్టిక్కరు కోసం జేబులో చెయ్యి పెట్టి, వద్దనుకుని తీసేశాడు. సిరా ఆరిందో లేదో చూద్దామని పుస్తకం ఎండలోకి తిప్పి పట్టుకున్నాడు. అప్పుడు కనబడింది. అక్షరాల్లో ఎక్కడా గుండ్రం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు చెక్కమీద ఉలితో తిరిగిన చేతి ఒడుపు, కోసినట్టు నిలబడ్డ గీతలు. పెళ్ళికి ముందు యున్‌సిల్‌కి రాసిన ఉత్తరాల్లోనూ, ఆవిడ బ్యాంకు పుస్తకం కోసం చెక్కిచ్చిన ముద్రలోనూ ఉన్న రాత. ఆవిడ కళ్ళు మూసుకుని తడిమినా పోల్చుకునే రాత.

ఆ పేజీ చింపితే వెనకవైపున ఆవిడ రాసిన మాటలూ పోతాయి. కొట్టేసి మళ్ళీ రాస్తే కొట్టేసింది కనబడుతుంది. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. సాయంత్రం ఐదింటికి యున్‌సిల్ తలుపు తీస్తుంది, దుబుని చంకలోకి తీసుకుంటుంది, ఇంకో చెయ్యి పుస్తకం కోసం చాపుతుంది.